రొదకు తలుపు: విద్యుత్ గిటారులో నిశ్శబ్దం కథ

విద్యుత్ గిటారు కచేరీకి వెళ్ళినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. వాద్యకారుడు తంత్రిని మీటక ముందే, గిటారును యాంప్లిఫయరుకు తగిలించిన క్షణం నుంచీ లౌడ్‌స్పీకరులో ఒక హోరు మొదలవుతుంది. శ్రద్ధగా వింటే ఆ హోరులో రెండు పాయలున్నట్లు తెలుస్తుంది. ఒకటి తుమ్మెద ఝుంకారం వంటి మంద్రమైన రొద. రెండవది కాగే నీళ్ళ నుంచి ఆవిరి వెలువడుతున్నట్లు ‘సుయ్’ మనే సన్నని సవ్వడి. పాట సాగుతున్నంతసేపు ఇవి రెండూ చెవికి ఆనవు. వాద్యకారుడు ఒక్క క్షణం ఆగినాడా, వెంటనే పైకి వస్తాయి.

వీణకుగాని ఫిడేలుకుగాని ఈ బాధ లేదు. వాయించడం మానితే అవి మూగబోతాయి. విద్యుత్ గిటారు మాత్రం వాయించకపోయినా పలుకుతూనే ఉంటుంది. ఈ దోషాన్ని సవరించడానికి నేడు వాద్యకారులు వాడే సాధనం పేరు ‘నాయిస్ గేట్’, అనగా రొదకు వేసిన తలుపు. చూడబోతే అది అరచేతిలో ఇమిడే పెట్టె. కాలితో నొక్కే మీట ఒకటి, త్రిప్పడానికి రెండు మూడు మరలు, అంతే. కాని దాని వెనుక సుమారు వంద సంవత్సరాల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర పొడుగునా ఇంజనీర్లను వేధించిన ప్రశ్న ఒక్కటే: రొదను తొలగించబోయి సంగీతాన్ని ఎంత పోగొట్టుకుంటున్నాము? ఈ ప్రశ్నకు ఏయే కాలంలో ఏయే సమాధానాలు వచ్చినవో తెలుసుకుంటే, ఆ చిన్న పెట్టెను ఎట్లా అమర్చుకోవలెనో కూడా దానంతట అదే బోధపడుతుంది.

రొద ఎక్కడ పుట్టినది?

1920 ప్రాంతాలలో అమెరికా నృత్యశాలలలో బాకాలు, శాక్సఫోనులు, డప్పులు గల పెద్ద పెద్ద వాద్యబృందాలు వాయించేవి. వాటి మధ్య మామూలు గిటారు నాదం ఎవరికీ వినబడేది కాదు. దాని ధ్వనిని పెంచే ఉపాయం కోసం చాలామంది ప్రయత్నించినారు. లాస్ ఏంజెలిస్ నగరంలో ఉండిన జార్జి బీచెంప్ అనే వాద్యకారుడు 1931లో ఆ ఉపాయాన్ని సాధించినాడు. ఏడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి అతడు తయారు చేసిన అల్యూమినియం గిటారు గుండ్రని పళ్ళెము, పొడవైన కాడ కలిగి అచ్చంగా వంటింటి పెనం వలె ఉండేది. అందువలన దానికి ‘ఫ్రయింగ్ పాన్’ అనే ముద్దుపేరు వచ్చినది. 1932లో అది అమ్మకానికి వచ్చినది. పేటెంటు కోసం 1934లో దరఖాస్తు పెట్టగా 1937లో లభించినది.

దానిలోని సూత్రం కొత్తది కాదు. మైకేల్ ఫారడే 1831లోనే దానిని కనుగొన్నాడు. అయస్కాంత క్షేత్రంలో మార్పు కలిగితే, ఆ క్షేత్రంలో ఉన్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. గిటారు తంత్రులు ఉక్కుతో చేసినవి. వాటి క్రింద ఒక అయస్కాంతాన్ని, దాని చుట్టూ వెంట్రుక కంటె సన్నని రాగితీగను వేలకొద్ది చుట్లు చుట్టి అమర్చినారు. తంత్రి కంపించినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం అదే లయలో మారుతుంది. చుట్టలో అదే లయలో విద్యుత్తు పుడుతుంది. ఆ కొద్దిపాటి విద్యుత్తును యాంప్లిఫయరు పెంచి స్పీకరుకు అందిస్తుంది. ఈ అయస్కాంతము, చుట్ట కలిసిన భాగాన్నే పికప్ అంటారు.

ఇక్కడే చిక్కు వచ్చినది. చుట్టకు కావలసినది అయస్కాంత క్షేత్రంలో మార్పు మాత్రమే. ఆ మార్పు తంత్రి వలన కలిగినదా, గోడలోని కరెంటు తీగల వలన కలిగినదా అనే విచక్షణ దానికి లేదు. ఇళ్ళకు వచ్చే విద్యుత్తు అమెరికాలో సెకనుకు 60 సార్లు, మన దేశంలో 50 సార్లు దిక్కు మార్చుకుంటూ ప్రవహిస్తుంది. ఆ ప్రవాహం గల ప్రతి తీగ చుట్టూ, ప్రతి ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ, ట్యూబులైటు చోకు చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం ఉంటుంది. గిటారు పికప్ దానినంతా భక్తిగా గ్రహిస్తుంది. 50 ఆవృత్తుల మూలస్వరము, దాని రెట్టింపులైన 100, 150 ఆవృత్తుల స్వరాలు కలిసి మనం విన్న తుమ్మెద ఝుంకారం అవుతుంది. గిటారులోని ఆరు తంత్రులలో అతి మంద్రమైన దాని స్వరం సెకనుకు సుమారు 82 ఆవృత్తులు. అనగా ఈ రొద సంగీతం ఉన్న చోటనే కాపురం పెట్టినది. మంద్రస్వరాలను వడగట్టి రొదను తీసివేయబోతే గిటారు స్వరం కూడా పోతుంది.

రెండవదైన ‘సుయ్’ మనే సవ్వడి పుట్టుక ఇంకా లోతైనది. 1918లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ షాట్కీ, వాల్వులలో ఎలక్ట్రానులు ధారగా కాక విడివిడి రేణువులుగా వచ్చి పడడం వలన కొంత రొద తప్పదని చూపినాడు. 1928లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలకు చెందిన జె.బి. జాన్సన్, హారీ నైక్విస్ట్ మరొక సంగతి నిరూపించినారు. ఏ నిరోధకంలోనైనా వేడిమి వలన ఎలక్ట్రానులు నిలకడ లేక సంచరిస్తూ ఉంటాయి గనుక, దాని కొనల మధ్య ఎప్పుడూ కొద్దిపాటి వోల్టేజి చలిస్తూనే ఉంటుంది. 10 వేల ఓముల నిరోధానికి గది ఉష్ణోగ్రత వద్ద, మన చెవికి వినబడే ఆవృత్తుల మేరకు లెక్క వేస్తే అది సుమారు 2 మైక్రోవోల్టులు. ఎంత మంచి యంత్రం చేసినా ఈ రొద పోదు. ఇది పనివాని లోపం కాదు, పదార్థంలోనే ఉన్న వేడిమి చప్పుడు.

రెండు చుట్టల ఉపాయం

మొదటి రొదను పుట్టుకలోనే అణచవచ్చునని గిబ్సన్ సంస్థలోని సేత్ లవర్ అనే ఇంజనీరు చూపినాడు. అతడు ఒక చుట్టకు బదులు రెండు చుట్టలు ప్రక్కప్రక్కన పెట్టినాడు. రెండవ చుట్ట మొదటిదానికి విరుద్ధమైన దిశలో పనిచేసే విధంగా కలిపినాడు. దాని అయస్కాంత ధ్రువాన్ని కూడా తలక్రిందులు చేసినాడు. ఫలితం ఏమిటి? బయటి కరెంటు తీగల నుంచి వచ్చిన రొద రెండు చుట్టలలోనూ సమానంగా పుట్టి, ఎదురెదురుగా కలిసి రద్దవుతుంది. తంత్రి కలిగించే సంకేతం మాత్రం చుట్ట దిశ ఒకసారి, ధ్రువం ఒకసారి తారుమారు కావడం వలన మళ్ళీ ఒకే వైపుకు వచ్చి రెట్టింపవుతుంది. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు అయినట్లన్నమాట. దీనికి ‘హంబకర్’ అని పేరు. 1955 జూన్‌లో పేటెంటుకు దరఖాస్తు చేయగా 1959 జూలైలో వచ్చినది. 1957 నుంచి గిబ్సన్ గిటారులలో దీనిని అమర్చినారు. ఇంచుమించు అదే కాలంలో రే బట్స్ అనే ఆయన కూడా స్వతంత్రంగా ఇటువంటి పికప్‌నే తయారు చేసినాడు.

ఐతే దీనికీ ఒక మూల్యం ఉన్నది. రెండు చుట్టలు తంత్రిని రెండు చోట్ల వింటాయి. తంత్రి మీద అలల పొడవు చాలా చిన్నదైనప్పుడు, ఒక చోట తంత్రి పైకి లేస్తుంటే రెండవ చోట క్రిందికి దిగుతూ ఉంటుంది. అటువంటి సూక్ష్మమైన తారస్థాయి అంశాలు రొదతోపాటే కొంత రద్దయిపోతాయి. అందుచేత హంబకర్ నాదం గుండ్రంగా, దళసరిగా ఉంటుంది. ఒంటిచుట్ట నాదంలోని గాజు మెరుపు దానిలో ఉండదు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ వంటి ఒంటిచుట్ట గిటారులను ఎందరో వాద్యకారులు రొద ఉన్నప్పటికీ విడవకపోవడానికి కారణం ఇదే. రొద పోవాలంటే స్వరంలో కొంత ఇచ్చుకోవలసి వచ్చినది. ఈ బేరం మన కథలో మళ్ళీ మళ్ళీ కనబడుతుంది.

చీమ ఏనుగైన వైనం

1950 వరకు రొద పెద్ద సమస్య కాలేదు. యాంప్లిఫయరు తంత్రి నాదాన్ని ఉన్నదున్నట్లు పెంచేది. రొద దాని నీడలో అణగి ఉండేది. తరువాత ఒక విచిత్రం జరిగినది. మార్టీ రాబిన్స్ పాట ఒకటి నాష్‌విల్‌లో రికార్డు చేస్తుండగా, మిక్సింగ్ యంత్రంలోని లోపం వలన గిటారు నాదం చీలిపోయి బొంగురుగా వచ్చినది. 1961లో ఆ పాట విడుదలైనప్పుడు శ్రోతలు ఆ బొంగురునే మెచ్చుకున్నారు. లోపాన్ని కావాలని తెచ్చుకోవడానికి ఒక పెట్టె తయారైనది. అదే 1962లో వచ్చిన ‘మేస్ట్రో ఫజ్ టోన్’. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం ‘సాటిస్‌ఫాక్షన్’ పాటలో దానిని వాడడంతో అది లోకమంతటా వ్యాపించినది. అటు తరువాత యాంప్లిఫయర్లను కూడా వాటి శక్తికి మించి నడిపి నాదాన్ని చీల్చడం ఒక కళ అయినది.

ఈ కళ రొదకు ప్రాణం పోసినది. ఎట్లాగో ఒక చిన్న లెక్కతో చూద్దాము. తంత్రి నాదం 100 మిల్లీవోల్టులు, రొద 1 మిల్లీవోల్టు అనుకుందాము. నాదం రొదకు నూరు రెట్లు. డెసిబెల్ లెక్కలో 40. దీనిని వెయ్యి రెట్లు పెంచితే నాదం 100 వోల్టులు, రొద 1 వోల్టు కావలె. కాని యంత్రం 10 వోల్టులకు మించి ఇవ్వలేదనుకోండి. అప్పుడు నాదం తల 10 వోల్టుల కప్పుకు తగిలి అక్కడే ఆగిపోతుంది. అట్లా నరకబడిన నాదమే మనకు కావలసిన బొంగురు స్వరం. రొదకు మాత్రం కప్పు తగలదు. అది నిండుగా 1 వోల్టు అవుతుంది. ఇదివరకు నూటికి ఒకటిగా ఉన్నది ఇప్పుడు పదికి ఒకటి అయినది. 40 డెసిబెల్‌ల దూరం 20కి కుదించుకుపోయినది. పెద్దవాడు తల వంచుకొని నిలబడితే చిన్నవాడు ఎత్తుగా కనబడినట్లు, నాదం ఆగిపోవడం వలన రొద పెద్దదైనది. పెంపు ఎంత ఎక్కువైతే ఈ దూరం అంత తగ్గుతుంది.

తలుపు వచ్చిన దారి

మాట లేనప్పుడు దారి మూసివేసే ఆలోచన గిటారు కోసం పుట్టినది కాదు. అది టెలిఫోను నుంచి వచ్చినది. 1927 జనవరి 7న న్యూయార్కు, లండన్ నగరాల మధ్య రేడియో టెలిఫోను ప్రారంభమైనది. ఒకరి మాట అవతలి ఒడ్డున చుట్టు తిరిగి మళ్ళీ వెనక్కు వచ్చి కూత పెట్టకుండా, మాటతోనే పనిచేసే స్విచ్చులను అందులో పెట్టవలసి వచ్చినది. మాట వినబడితే ఆ దిశ తెరుచుకుంటుంది, ఎదుటి దిశ మూసుకుంటుంది. అప్పుడే ఇంజనీర్లకు ఒక సంగతి తెలిసివచ్చినది. మాట వచ్చిన తరువాత గదా స్విచ్చు తెరుచుకునేది. అందుచేత మాటలోని మొదటి అక్షరం తెగిపోయే ప్రమాదం ఉన్నది. నాయిస్ గేట్ మరల మీద నేటికీ ఈ సమస్య ‘ఎటాక్’ అనే పేరుతో కూర్చుని ఉన్నది.

పోలీసు, విమాన రేడియోలలో వాడిన ‘స్క్వెల్చ్’ అనే ఏర్పాటు కూడా ఈ జాతిదే. సంకేతం లేనప్పుడు స్పీకరులో కరకర వినబడకుండా అది నోరు మూయిస్తుంది.

మరొక దారి రే డాల్బీ చూపినది. ఈయన 1963 నుంచి 1965 వరకు ఐక్యరాజ్యసమితి సాంకేతిక సలహాదారుగా మన దేశంలో పనిచేసి, 1965లో లండన్‌లో సొంత పరిశోధనశాల స్థాపించినాడు. టేపు మీది ‘సుయ్’ సవ్వడిని తగ్గించడానికి ఆయన వేసిన ఉపాయం చక్కనిది. రికార్డు చేసేటప్పుడు మెల్లని ధ్వనులను ముందుగానే పెంచి టేపు మీద ఎక్కించవలె. వినేటప్పుడు వాటిని అంతే తగ్గించవలె. అట్లా తగ్గించేటప్పుడు మధ్యలో టేపు చేర్చిన సవ్వడి కూడా తగ్గిపోతుంది. సంగీతానికి నష్టం ఉండదు. 1966లో లండన్‌లోని డెకా కంపెనీ ఈ యంత్రాలను మొట్టమొదట తీసుకున్నది.

మరి దీనిని గిటారుకు వాడరాదా? వాడరాదు. డాల్బీ పద్ధతికి రొద చేరక ముందే సంగీతాన్ని పట్టుకునే అవకాశం ఉండవలె. గిటారులో రొద తంత్రి నాదంతోపాటే పికప్‌లో పుడుతున్నది. పాలలో నీళ్ళు కలిసిన తరువాత వేరు చేయబోయినట్లు, ఇక్కడ కలిసిపోయిన తరువాతనే మన పని మొదలవుతుంది. అటువంటప్పుడు మిగిలిన ఉపాయం ఒక్కటే: సంగీతం ఉన్నప్పుడు తలుపు తెరవడం, లేనప్పుడు మూయడం.

సంగీత స్టూడియోలలో ఈ అవసరం 1960 దశకం చివర తీవ్రమైనది. అప్పటికి ఒకే టేపు మీద 16 దారులలో వేరువేరుగా వాద్యాలను ఎక్కించే యంత్రాలు వచ్చినవి. ఒక్కొక్క దారి రొద చిన్నదే గాని, సమానమైన 16 దారులు కలిపితే మొత్తం రొద 12 డెసిబెల్‌లు పెరుగుతుంది. గాయకుడు ఊరకున్న దారిని, ఆ సమయంలో పని లేని వాద్యం దారిని మూసివేస్తే ఎంతో మేలు. పాల్ బఫ్ అనే ఇంజనీరు 1970 దశకం మొదటి సంవత్సరాలలో ‘కెపెక్స్’ అనే సాధనంతో ఈ పనిని యంత్రానికే అప్పగించినాడు. దానిలో ఒక విశేషం ఉన్నది: తలుపు తెరవమని ఆజ్ఞ ఇచ్చే ధ్వని, ఆ తలుపు గుండా పోయే ధ్వని వేరువేరు కావచ్చును. కాపలావాడు ఒక చోట నిలబడి చూస్తాడు, తలుపు మరొక చోట ఉంటుంది. గిటారుకు అసలైన మేలు చేసినది ఈ విశేషమే.

కాలి క్రింది పెట్టె

1970 దశకం చివర జపాన్‌లోని రోలండ్ సంస్థ ‘బాస్’ అనే పేరుతో అమ్మే కాలిమీట పెట్టెలలో నాయిస్ గేట్ కూడా చేరినది. 1987లో అదే సంస్థ ‘ఎన్.ఎస్.-2’ అనే పెట్టెను తెచ్చినది. నాదాన్ని చీల్చే పెట్టెలను దీని పొట్టలోనే, అనగా ప్రత్యేకమైన రాకపోకల దారిలో కలుపుకోవచ్చును. కాపలావాడు గిటారు నుంచి నేరుగా వచ్చే స్వచ్ఛమైన నాదాన్ని వింటాడు. తలుపు మాత్రం చీల్చే పెట్టెల తరువాత ఉంటుంది.

దీని లాభం మన వెనుకటి లెక్కలోనే ఉన్నది. చీల్చక ముందు నాదానికీ రొదకూ 40 డెసిబెల్‌ల దూరం ఉన్నది. అక్కడ నిలబడినవాడు ఏది నాదమో, ఏది రొదో తడుముకోకుండా చెప్పగలడు. చీల్చిన తరువాత ఆ దూరం 20 మాత్రమే, గుర్తుపట్టడం కష్టం. కాని ‘సుయ్’ మనే సవ్వడిలో అధికభాగం చీల్చే పెట్టెలలోనే పుడుతుంది గనుక తలుపు వాటి వెనుకనే ఉండవలె. చూపు ముందు, తలుపు వెనుక. ఇదే ఈ ఏర్పాటులోని మర్మం.

ఆ తలుపు నిజంగా కదిలే వస్తువు కాదు. లోపల ఒక చిన్న మండలం వచ్చే నాదం ఎంత పెద్దదో నిరంతరం కొలుస్తూ ఉంటుంది. ఆ కొలతను బట్టి ఒక ట్రాన్సిస్టరు సంకేతాన్ని పోనిస్తుంది లేక అణచివేస్తుంది. ఇక్కడ ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఏమంటే, ఈ యంత్రానికి రాగము తెలియదు, రొద తెలియదు. దానికి తెలిసినది పరిమాణం ఒక్కటే. పెద్దదైతే నాదం, చిన్నదైతే రొద అని దాని తీర్పు.

తలుపును అమర్చే క్రమం

ఇంతవరకు చెప్పిన చరిత్రే అమర్చే క్రమాన్ని కూడా చెబుతున్నది. మొట్టమొదట చేయవలసినది గేట్‌ను ముట్టుకోకపోవడం. రొదను పుట్టినచోటనే తగ్గించవలె. ట్యూబులైట్లకు, వెలుతురును తగ్గించే మరలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు దూరంగా నిలబడవలె. గిటారును నెమ్మదిగా అటూ ఇటూ త్రిప్పి చూస్తే ఒకానొక దిశలో ఝుంకారం తగ్గడం స్పష్టంగా వినబడుతుంది. కేబుళ్ళు మంచివై, ఎర్తు సరిగా ఉండవలె. ఝుంకారం తగ్గుతుంది గదా అని ఎర్తు తీగను ఊడదీయడం ప్రాణాపాయం. అది ఎన్నడూ చేయరాదు. చీల్చే మరను అవసరానికి మించి త్రిప్పకూడదు. చాలామంది గేట్ పనిచేయలేదని చెప్పే సందర్భాలలో అసలు తప్పు ఈ మర వద్దనే ఉంటుంది.

తరువాత గేట్‌లోని ‘త్రెషోల్డ్’ అనే గడపను అమర్చవలె. ముందు దానిని పూర్తిగా తగ్గించి, గిటారు ధ్వనిని నిండుగా ఉంచి, తంత్రులను అరచేతితో అదిమిపెట్టవలె. ఇప్పుడు వినబడేది రొద మాత్రమే. గడపను కొద్దికొద్దిగా పెంచుతూ పోగా ఒకచోట రొద చటుక్కున ఆగుతుంది. ఆ చోటికి వెంట్రుకవాసి పైన ఆపవలె. ఆ పిమ్మట పాటలో తాము వాయించబోయే అతి మెల్లని స్వరాన్ని వాయించి చూడవలె. అది తలుపు దాటి రాగలిగితే గడప సరిగా ఉన్నట్లు. రాకపోతే గడపను తగ్గించి కొంత రొదను సహించడమే మేలు.

మూడవది ‘ఎటాక్’, అనగా తలుపు తెరుచుకునే వేగం. గిటారు స్వరం తొలి క్షణంలోనే మీటిన దెబ్బ ఉన్నది. తలుపు ఆలస్యంగా తెరుచుకుంటే ఆ దెబ్బ పోయి స్వరం మొద్దుబారుతుంది. కనుక ఇది సెకనులో వెయ్యవ వంతు ప్రాంతంలో ఉండవలె. అట్లాగని మరీ తొందర చేస్తే తలుపు తెరుచుకునేటప్పుడు ‘టిక్కు’ మనే చప్పుడు రావచ్చును. సంఖ్యారూపంలో పనిచేసే నేటి యంత్రాలలో కొన్ని నాదాన్ని క్షణకాలం ఆపి ఉంచి, ముందుగా చూచి తలుపు తెరుస్తాయి. మాటలోని మొదటి అక్షరం తెగిపోయే వెనుకటి సమస్యకు ఇది ఒక పరిష్కారం.

నాలుగవది ‘రిలీజ్’, అనగా మూసుకునే వేగం. ఇది పాటను బట్టి మారవలె. హెవీ మెటల్ సంగీతంలో అరచేతితో తంత్రులను అదిమి ముక్కముక్కలుగా వాయించేటప్పుడు తలుపు తొందరగా, సెకనులో 20వ వంతు ప్రాంతంలో మూసుకుంటే ప్రతి విరామం నరికినట్లు స్పష్టంగా ఉంటుంది. సాగదీసే స్వరాలకు అర సెకను, అంతకంటె ఎక్కువ కూడా ఇవ్వవలె. మంద్రతంత్రి ఒక్క కంపనానికే సెకనులో 82వ వంతు పడుతుంది. కొలిచే మండలం అంతకంటె తొందరపడితే ప్రతి కంపనంలోనూ తలుపు కొట్టుకొని నాదం గరగరలాడుతుంది.

స్వరం ఆరిపోతూ గడప వద్దకు వచ్చినప్పుడు తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ పటపట లాడడం మరొక చిక్కు. దీనికి మంచి గేట్‌లలో రెండు గడపలు ఉంటాయి. తెరవడానికి ఎత్తుగా ఒకటి, మూయడానికి కొన్ని డెసిబెల్‌లు తక్కువగా మరొకటి. ఒకసారి తెరుచుకున్న తలుపు చిన్న ఊగిసలాటకు మూసుకోదు.

చివరిది వరుస. ప్రతిధ్వనిని కలిగించే పెట్టెలు గేట్ తరువాత ఉండవలె. ముందు ఉంటే, మెల్లగా ఆరిపోవలసిన ప్రతిధ్వని తోకను తలుపు తెగనరుకుతుంది.

దోషం గుణమైనప్పుడు

చరిత్రలో ఒక చమత్కారం ఏమంటే, ఇట్లా తోక నరకడాన్నే కొందరు కోరి తెచ్చుకున్నారు. లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో పీటర్ గేబ్రియల్ మూడవ ఆల్బమ్ రికార్డింగు జరుగుతుండగా, ఇంజనీరు హ్యూ పాడ్జమ్, డ్రమ్ము వాద్యకారుడు ఫిల్ కాలిన్స్ ఒక వింత ధ్వనిని విన్నారు. గదిలో మార్మోగిన డ్రమ్ము నాదాన్ని బాగా పెంచి, అది ఆరిపోక ముందే గేట్‌తో తెంచివేస్తే, ఉరుము ఉరిమి మధ్యలో గొంతు పట్టుకున్నట్లు వినబడినది. 1981 జనవరిలో వచ్చిన ఫిల్ కాలిన్స్ పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’తో ఆ ధ్వని ప్రపంచానికంతా తెలిసినది, ఆ దశాబ్దమంతా డ్రమ్ములు ఆ బాణీలోనే మోగినవి. మిక్సింగ్ యంత్రం లోపం గిటారుకు కొత్త గొంతు ఇచ్చినట్లే, గేట్ దోషం డ్రమ్ముకు కొత్త గొంతు ఇచ్చినది.

పోగొట్టుకునేది ఏమిటి?

ఐతే ప్రతి సంగీతము ఈ నరుకుడును ఓర్చుకోలేదు. మన తెలుగువారికి ఈ సంగతి సులభంగా తెలియాలంటే మాండలిన్‌ను తలచుకోవలె. పాలకొల్లులో 1969లో పుట్టి, 2014లో కన్నుమూసిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని వాయించి ప్రపంచఖ్యాతి పొందినాడు. కర్ణాటక సంగీతంలో ఒక మీటు మీద ఎన్నో గమకాలు వస్తాయి. మీటిన దెబ్బ ఆరిపోతూ ఉండగా తంత్రి మీద వేలు సాగుతూ స్వరం నుంచి స్వరానికి ఊగుతుంది. రాగభావం చాలావరకు ఆ ఆరిపోయే భాగంలోనే ఉన్నది. అటువంటి నాదం ముందు గడపను ఎత్తుగా పెట్టిన గేట్ ఉంచితే అది ఏమి చేస్తుంది? తన లెక్క ప్రకారం ‘ఇది చిన్నది, కనుక రొద’ అని తీర్పు చెప్పి, గమకం కొసను రొదతోపాటు తోసివేస్తుంది. సభలో నిశ్శబ్దం ఉంటుంది గాని, రాగం సగమే ఉంటుంది.

అందుచేత గేట్ అమర్చేవాడు అడగవలసిన ప్రశ్న ‘రొద పూర్తిగా పోయినదా?’ అని కాదు. ‘నా అతి మెల్లని స్వరం ఇంకా ఉన్నదా?’ అని. ముక్కలుగా విరిచి వాయించే సంగీతానికి ఎత్తైన గడప, తొందరగా మూసే తలుపు అలంకారమే. సాగే స్వరాలకు క్రింది గడప, నెమ్మదిగా మూసే తలుపు కావలె. కొన్నిటికి అసలు తలుపే వద్దు. పూర్తిగా మూయక కొద్దిగా మాత్రమే తగ్గించే ‘ఎక్స్‌పాండర్’ అనే సాధనం ఈ రెండింటికీ నడిమి దారి.

ఫారడే సూత్రం నుంచి కాలి క్రింది పెట్టె వరకు వచ్చిన ప్రతి ఉపాయము కొంత రొదను తీసుకొని కొంత స్వరాన్ని అడిగినది. హంబకర్ గాజు మెరుపును అడిగినది; గేట్ స్వరం కొసను అడుగుతున్నది. ఎంత ఇవ్వవలెనో నిర్ణయించే పని మాత్రం యంత్రానిది కాదు. వైణికుడు అనవసరమైన తంత్రిని చేతి అంచుతో అణచినట్లు, గిటారు వాద్యకారుడు కూడా విరామంలో అరచేతిని తంత్రుల మీద ఆనించగలడు. ఆ చేతికి పాట తెలుసు. తరువాత రాబోయే స్వరం ఏదో తెలుసు. యంత్రానికి పరిమాణం మాత్రమే తెలుసు. కనుక ముందు చేతిని నేర్పి, ఆ చేయి ఆపలేని రొద కోసం మాత్రమే తలుపును పిలవడం మంచిది.